మధ్యలో కూర్చున్నదాన్ని

మమ్మల్ని అడిగిన మొట్టమొదటి ప్రశ్నకే మా దగ్గర నిజమైన జవాబు లేదు. యాహూ చాట్ గదిలోకి వెళ్ళి ఇంకా కుర్చీలు సర్దుకోకముందే, ముక్కూ మొహం తెలియని మనిషెవరో మూడు ఇంగ్లీషు అక్షరాలు పంపాడు. ఏ, ఎస్, ఎల్. మాలో అందరికంటే చిన్నది, డిగ్రీ చదువుతున్న అమ్మాయి అర్థం చెప్పింది: వయసెంత, ఆడా మగా, ఏ ఊరు. "బస్సుల పక్క సీటామె అడిగినట్టే ఉంది గదా" అని నవ్వింది ఆ ఇంటామె. నిజమే. బస్సులో అయితే ఇంకో రెండు ప్రశ్నలు తోడయ్యేవి. మీరు ఏ కులపోళ్ళు, మీ ఆయన ఏం చేస్తడు.

అది 2003. నిజామాబాద్‌లో ఒక ఇంటి ముందుగదిలో, ఆ కంప్యూటరు ముందు ఐదుగురం కూర్చున్నాం. మా వయసులు 19, 27, 31, 39, 54. ఐదుగురికీ కలిపి ఒకటే అకౌంటు, ఒకటే పేరు. ఆ పేరుకు వయసెంతని చెప్పాలి? "అన్నీ కూడి ఐదుతో భాగిస్తే సరి" అంది మాలో లెక్కల టీచరు. 34 వచ్చింది. అదే కొట్టాం. మాలో ఎవరికీ 34 ఏళ్ళు లేవు.

అబద్ధమాడామా? ఆ రాత్రి ఇంటికి వెళ్ళేటప్పుడు ఈ ప్రశ్న తమాషాగా అనిపించింది. తర్వాత ఏడాదిలో తమాషాగా లేకుండా పోయింది. ఇన్నేళ్ళ తర్వాత దాని గురించి రాయాలని కూర్చోవడానికి కారణం మాత్రం ఆ 34 కాదు. అదే కీబోర్డు మీద నేను చేసిన ఇంకో పని.

అకౌంటు ఎలా వచ్చిందో చెప్పాలి. మేం ఆదివారాలు కలుసుకుని కథలూ వ్యాసాలూ చదువుకునే ఆడవాళ్ళం. అచ్చుకు పంపిన రచన ఏమైందో తెలియడానికి నెలలు పట్టేది, ఎక్కడెక్కడి స్త్రీలు ఏం రాస్తున్నారో ఆర్నెల్లకు గానీ మా ఊరు చేరేది కాదు. అందరం డబ్బులేసుకుని డయలప్ గంటల ప్యాకు కొన్నాం. టెలిఫోను, కంప్యూటరు రెండూ ఉన్న ఇల్లు మాలో ఒకరిదే కాబట్టి అక్కడే మా మకాం. ఎవరు ఎన్ని నిమిషాలు వాడుకున్నారో రాసుకోవడానికి ఒక నోటుబుక్కు పెట్టాం. లైను కలిసేటప్పుడు వచ్చే ఆ గరగర శబ్దానికి వంటింట్లోంచి వాళ్ళ అత్తగారు "మల్ల మొదలాయె" అనేది. కలిసిన లైను కరెంటు పోతే తెగిపోయేది. కరెంటు రోజూ పోయేది.

ఒకే అకౌంటు తీసుకోవడానికి డబ్బొక్కటే కారణమని మేం పైకి చెప్పుకున్నాం. అసలు కారణం వేరే. మాలో ఎవరికీ సొంత పేరు మీద అకౌంటు తీసుకునే ధైర్యం లేదు. ఇంట్లో "నీకెందుకు?" అని అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. "సంఘానిది" అంటే మాత్రం ఎవరూ మాట్లాడరు. ఆ రోజుల్లో ఊళ్ళల్లో పొదుపు సంఘాల ఆడవాళ్ళకి కూడా ఆ మాటే గడప దాటించేది. చదువుకున్న మేమూ అదే మాట చాటున దాక్కున్నామని ఒప్పుకోవడానికి నాకు కొంత సమయం పట్టింది.

ఉమ్మడి పేరు మన సాహిత్యానికి కొత్తేమీ కాదు. బీనాదేవి ఒక మనిషి కాదు, భార్యాభర్తలిద్దరి కలం పేరు. మారుపేరూ కొత్త కాదు. 'ఇల్లాలి ముచ్చట్లు' పురాణం సీత పేరుతో రాసింది పురాణం సుబ్రహ్మణ్యశర్మ. మగవాడు ఇల్లాలి గొంతు పెట్టుకుంటే చమత్కారం అన్నాం, వారం వారం చదువుకున్నాం. ఆడది మగవాడి గొంతు పెట్టుకుంటే ఏమంటామో చూసే అవకాశం మాకు ఆ అకౌంటు ఇచ్చింది.

మా డిగ్రీ అమ్మాయిది బోధన్, శక్కర్‌నగర్. తండ్రి నిజాం షుగర్స్‌లో పనిచేసేవాడు. నిజాం కాలంలో 1937లో పెట్టిన ఫ్యాక్టరీ అది. ఆసియాలోనే పెద్దదని ఆ ఊరివాళ్ళు గర్వంగా చెప్పుకునేవారు. చెరుకు బండ్ల వరసలు, గాలిలో మడ్డి వాసన, సైరన్‌తో లేచి సైరన్‌తో పడుకునే కాలనీ, ఇవన్నీ ఆమె చెప్తుంటే వినేవాళ్ళం. 2002లో ప్రభుత్వం అందులో 51 శాతం వాటాను ప్రైవేటు వాళ్ళ చేతుల్లో పెట్టింది. ఆ కోపం ఆమెకు కడుపు నిండా ఉంది. తెలుగువాళ్ళు చేరే చాట్ గదుల్లో ఫ్యాక్టరీ గురించి మాట్లాడబోయింది. ఆడపిల్ల అని తెలియగానే పక్క కిటికీలు తెరుచుకునేవి. ఫోటో పంపమనేవాళ్ళు, ఫోన్ నంబరు అడిగేవాళ్ళు, ఇక్కడ రాయలేని మాటలు పంపేవాళ్ళు. వారం చూసి, ఒకరోజు ప్రొఫైల్లో 'మగ' అని మార్చేసింది. వయసు 40, ఊరు బోధన్. ఆ సాయంత్రం నుంచి ఆమె చెరుకు ధర గురించి చెప్తే విన్నారు. "సార్" అన్నారు. వాదించారు, ఒప్పుకున్నారు. "అక్కా, నా మాట మారలేదు, పేరే మారింది" అని నాతో అన్నప్పుడు ఆ పిల్ల మొహంలో ఉన్నది సంతోషమో దుఃఖమో చెప్పలేను.

అక్కడితో ఆగితే మాకు చర్చే ఉండేది కాదు. షోలాపూర్‌లో ఉంటానని చెప్పుకున్న ఒక తెలుగామె ఈ 'నలభయ్యేళ్ళ మనిషి'తో మాట్లాడటం మొదలుపెట్టింది. ముందు మగ్గాల గురించి, మూతపడే మిల్లుల గురించి. తర్వాత తన ఇంటి గురించి. ఇంత నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడే మగవాణ్ణి ఇంతవరకు చూడలేదని రాసింది. మా అమ్మాయికి నిద్ర పట్టలేదు. నిజం చెప్పేసింది. ఆ వైపు నుంచి మళ్ళీ ఒక్క అక్షరం రాలేదు.

చాలా ఏళ్ళ తర్వాత, 1985లో అమెరికా స్త్రీల పత్రిక 'మిజ్'లో లిండ్సీ వాన్ గెల్డర్ రాసిన వ్యాసం చదివినప్పుడు ఈ సంగతి గుర్తొచ్చింది. కంప్యూసర్వ్ చాట్‌లో 'జోన్' పేరుతో ఒకామె ఉండేది. ప్రమాదంలో వికలాంగురాలై మాట కూడా పోయినా ధైర్యంగా బతుకుతున్నదిగా ఎందరో ఆడవాళ్ళకి ఆత్మీయురాలైంది. తీరా చూస్తే అది ఒక మగ సైకియాట్రిస్టు. మోసపోయిన ఆడవాళ్ళలో కొందరు దాన్ని అత్యాచారంతో పోల్చారు. ఇంటర్నెట్ మన ఊరికి రాక పదేళ్ళ ముందే ఒక స్త్రీల పత్రిక ఈ ప్రశ్న లేవనెత్తిందంటే ఆశ్చర్యం లేదు. పేరు మారిస్తే ఎవరికి లాభం, ఎవరికి నష్టం అన్నది ఇంటిపేరు మార్చుకున్నవాళ్ళకే ముందు తడుతుంది.

జోన్‌నీ మా అమ్మాయినీ ఒకే గాట కట్టలేం. ఆమె గుంపు నుంచి తనను కాపాడుకోవడానికి పేరు మార్చింది. అవతలివాళ్ళు గడుపుకోవాల్సింది చెరుకు ధర గురించిన వాదన, దానికి ఆమె ఆడదైనా మగవాడైనా ఒకటే. షోలాపూర్ ఆమె మాత్రం వాదన మీద ఆనుకోలేదు, మనిషి మీద ఆనుకుంది. అక్కడ అదే పేరు, అదే అబద్ధం, ఇంకొకటిగా మారిపోయింది. అబద్ధం బరువు చెప్పినవాళ్ళ నోట్లో ఉండదు, విన్నవాళ్ళు దాని మీద ఎంత బరువు మోపారన్న దాంట్లో ఉంటుంది. ఇలా అని నేను ఆ ఆదివారం సమావేశంలో దాదాపు గంటసేపు చెప్పాను. శుక్రుడు బలిచక్రవర్తికి చెప్పిన నీతిని ఉదాహరణగా తెచ్చాను. ఆడవాళ్ళ విషయంలో, పెళ్ళిళ్ళ విషయంలో, ప్రాణం మానం ధనం పోయేచోట బొంకవచ్చని పోతన భాగవతంలో శుక్రుడు అంటాడు. ఆ జాబితాలో ఆడవాళ్ళు మొట్టమొదట ఉన్నది బొంకడానికి కాదు, బొంకించుకోవడానికి అన్నాను. అందరూ నవ్వారు. మా అమ్మాయి తలొంచుకుని నోటుబుక్కులో గీతలు గీస్తూ కూర్చుంది.

అప్పటికి నాలుగు నెలలుగా, ప్రతి శుక్రవారం సాయంత్రం, నేను అదే కుర్చీలో కూర్చుని ఇంకో పని చేస్తున్నాను.

వెనక సందులో బీడీలు చుట్టే ఒకామె ఉండేది. ముప్పై దాటి ఉండవు. భర్త దుబాయి పోయి రెండేళ్ళు. మా జిల్లాలో ఇది ప్రత్యేకంగా చెప్పాల్సిన సంగతి కాదు, ఆర్మూరు వైపు వెళ్తే గల్ఫ్‌కి మనిషి పోని వాడ దొరకడం కష్టం. ఫోన్ చేస్తే నిమిషం నిమిషానికీ గుండె కొట్టుకునేది. అంతకుముందు ఉత్తరాలు రాయించుకునేవాళ్ళు. టేప్‌రికార్డరులో క్యాసెట్ నింపి, ఊరి నుంచి వెళ్ళేవాళ్ళ చేతికిచ్చి పంపుకునేవాళ్ళు. ఇప్పుడు భర్త ఉండే చోటికి దగ్గర్లో నెట్ షాపు వచ్చిందట. శుక్రవారం అక్కడ సెలవు. మనకు సాయంత్రం ఆరయితే వాళ్ళకి నాలుగున్నర. "మేడమ్, జర మీ డబ్బల నా మాట పంపరాదు" అని చేతిలో చాటతోనే వచ్చి నిలబడింది.

ఆమెకు తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చు, ఇంగ్లీషు అక్షరాలు రావు. అప్పట్లో మేం తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టేవాళ్ళం. ఆ రాతలో కల, కళ, కాల అన్నీ ఒక్కలాగే ఉండేవి. అమెరికా తెలుగువాళ్ళు రైస్ యూనివర్సిటీలో దీనికొక పద్ధతి తయారుచేసుకున్నారని మాకు తెలియదు. విండోస్ ఎక్స్‌పీలో తెలుగు లిపి ఉందని కూడా తెలియదు, తెలిసినా మా పాత కంప్యూటరుకు అది ఎక్కేది కాదు. కాబట్టి ఆమె చెప్తుంటే నేను కొట్టేదాన్ని. అటునుంచి వచ్చింది చదివి వినిపించేదాన్ని. నేను తెలుగు లెక్చరర్ని కదా, ఈ పనికి నాకంటే తగినవాళ్ళెవరు?

ఒక శుక్రవారం ఆమె చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి.

"నెల నెల పైసలు మీ అమ్మకే పంపుతున్నవ్. నా చేతికి బీడీ పైసలు తప్ప ఏం లేవు. బిడ్డకు జరమొస్తె అప్పు దెచ్చి మందులు కొన్న. మొన్న మీ అన్న నన్ను కొట్టిండు. వచ్చే నెలకల్ల నా పేరు మీద పంపకపోతె బిడ్డను తీస్కొని మా అమ్మగారింటికి పోత. మల్ల రాను. గిది గట్టిగ రాయి మేడమ్."

నేను కొట్టింది ఇది: ఇక్కడ అందరం బాగున్నాం. పాపకు జ్వరం వచ్చి తగ్గింది. డబ్బుకు కొంచెం ఇబ్బందిగా ఉంది. వీలైతే నా పేరు మీద కూడా కొంత పంపండి. బావగారితో చిన్న మాట పట్టింపు వచ్చింది. మీ ఆరోగ్యం జాగ్రత్త.

కొట్టడం మాట పట్టింపు అయింది. పోతాననడం మాయమైంది. ఆమె 'నువ్వు'ని కూడా నేను 'మీరు' చేసేశాను. చివరిది నేను ఆలోచించి చేసింది కాదు, వేళ్ళు వాటంతట అవే చేశాయి. ఎందుకు చేశానని అప్పుడు అడిగితే చాలా కారణాలు చెప్పేదాన్ని. ఎండలో పనిచేసే మనిషి, ఒంటరిగా ఉన్నాడు, ఏమైనా చేసుకుంటే? కోపంలో అన్న మాట నోటితో అంటే గాలికి పోతుంది, రాస్తే ఉండిపోతుంది. కాపురం కూలితే ఈమెకెవరున్నారు? ఇవన్నీ మా అమ్మమ్మ చెప్పదగ్గ కారణాలే. స్త్రీవాద సాహిత్యం చదువుకున్న నాలోంచి ఇంత సులువుగా ఎలా వచ్చాయో.

"సరే. చూస్త. పైలం" అని జవాబొచ్చింది. చదివి వినిపించాను. ఆమె తెర వైపు చాలాసేపు చూసింది. "గంత మాటంటె గింతేనా ఆయన అనేది?" అంది. నేను మాట్లాడలేదు.

అలా ఏడు నెలలు నడిచింది.

2004 ఎండాకాలంలో ఆయన సెలవు మీద వచ్చాడు. మూడో రోజో నాలుగో రోజో ఇంట్లో గొడవైంది. "మా అన్న కొట్టిండని ఒక్కసారన్న చెప్పినవా?" అని ఆయన, "పదిసార్లు చెప్పిన, నీకు చీమ కుట్టినట్టు లేదు" అని ఆమె. అప్పుడు బయటపడింది. ఆయనకూ ఇంగ్లీషు అక్షరాలు రావు. గదిలో ఉండే ఆర్మూరు వైపు కుర్రాడు ఆయన తరఫున కొట్టేవాడు. కంపెనీ నాలుగు నెలలు జీతం ఆపిందని, అందుకే పంపలేకపోతున్నానని ఆయన చెప్పాడు. ఆ ఇంట్లో ఉండలేకపోతే మీ అమ్మగారింటికి పొమ్మని కూడా ఒకసారి చెప్పాడు. ఇంటివాళ్ళు బెంగపడతారని ఆ కుర్రాడు అవేవీ కొట్టలేదు. సరే, చూస్త, పైలం అని కొట్టాడు.

అంటే ఏడు నెలలపాటు నిజామాబాద్ నుంచి నేనూ, దుబాయి నుంచి నేనెన్నడూ చూడని ఆ కుర్రాడూ, చాలా మర్యాదగా, ఒకరి ఆరోగ్యం ఒకరు విచారించుకుంటూ, ఎవరి కాపురమో చేశాం.

ఆమె వచ్చి గడప అవతలే నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. తిట్టలేదు కూడా. "మీరిద్దరు మాట్లాడుకున్నరు మేడమ్. మేం గాదు" అంది. కాసేపాగి, "నువ్వు మంచిదానివే" అని వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

కాంట్ 1797లో రాసిన చిన్న వ్యాసం ఒకటి ఉంది, పరోపకారం కోసమైనా అబద్ధమాడే హక్కు లేదని. హంతకుడు తలుపు తట్టి నీ స్నేహితుడెక్కడని అడిగినా నిజమే చెప్పాలంటాడు. ఏ గృహహింస బాధితురాలికైనా ఆశ్రయమిచ్చిన ఆడమనిషి ఆ మాటను క్షణం కూడా ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను. అదే వ్యాసంలో ఇంకో మాట మాత్రం నన్ను వదల్లేదు. మంచి కోసం అబద్ధమాడినా, దాని నుంచి ఏం పుట్టుకొచ్చినా ఆ బాధ్యత ఆడినవాళ్ళదే అంటాడు. ఆమె ఏడు నెలలు ఎక్కువ ఆ ఇంట్లో ఉంది. చెప్పినా పట్టించుకోని మొగుడని నమ్మి ఉంది. ఎన్ని దెబ్బలు తిన్నదో నేను అడగలేదు.

ఇతరుల తరఫున మాట్లాడటంలో ఉన్న సమస్య గురించి లిండా ఆల్కాఫ్ 1991లో రాసింది మన విశ్వవిద్యాలయాల్లో చాలామంది చదివారు, పాఠం కూడా చెప్పారు. అంతకంటే ముందు, 1986లో, స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. సాయుధ పోరాటంలో పాల్గొన్న తెలంగాణ స్త్రీల నోటి నుంచి విన్న జీవితాలు అవి. ఆ పుస్తకాన్ని నేను ఎంతమంది చేత చదివించానో లెక్కలేదు. చరిత్ర అయితే స్త్రీల మాట ఉన్నదున్నట్టు కావాలి నాకు. శుక్రవారం సాయంత్రం అయితే అక్కర్లేకపోయింది. పుస్తకంలోని ఆడవాళ్ళు ఎవరినీ వదిలిపోతామని నన్ను అడగలేదు కదా, అందుకేమో.

కొందరు మిత్రులు దీన్ని శ్రద్ధా నీతి అన్నారు. కేరల్ గిల్లిగన్ 1982 నుంచి చెప్తున్నదదే కదా, ఆడవాళ్ళు సూత్రాన్ని కాక సంబంధాన్ని చూస్తారని. నాకు ఆ ఓదార్పు అంటలేదు. నేను కాపాడిన సంబంధం ఏది? నా కళ్ళ ముందు కూర్చున్న ఆమెతో నాకున్న సంబంధాన్ని తెంచి, దూరంగా ఉన్న కాపురం అనే ఒక ఊహను కాపాడాను. డిగ్రీ అమ్మాయి అబద్ధం తన గురించి. నాది ఇంకొకరి నోరు పెట్టుకుని ఆడింది. ఆమె అది తెలిసిన రోజే చెప్పేసింది. నేను పట్టుబడేదాకా ఆగాను. ఆ తర్వాతి ఆదివారం నేనీ సంగతంతా సమావేశంలో చెప్పినప్పుడు ఆ పిల్ల ఒక్క మాట కూడా అనలేదు. నోటుబుక్కు మూసి, టీ పెట్టుకొస్తానని లేచింది.

అకౌంటు ఇంకో రెండేళ్ళు నడిచింది. తర్వాత ఎవరి మెయిలు వాళ్ళకి వచ్చింది. యాహూ మెసెంజర్ 2018 జూలైలో మూతపడింది. బోధన్ ఫ్యాక్టరీ అంతకుముందే, 2015 డిసెంబరులో మూతపడింది. మధ్యలో 2011లో ఇంటర్నెట్ సెంటర్లకు కేంద్రం నిబంధనలు పెట్టింది. గుర్తింపు కార్డు చూడాలి, ఎవరు ఏం చూశారో ఏడాదిపాటు దాచాలి, అడ్డుగోడలు నాలుగున్నర అడుగులు దాటకూడదు. ఏ ఎస్ ఎల్ అడిగే పని ప్రభుత్వమే తీసుకుందన్నమాట. ఇప్పుడు గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి ఫోన్లో గొంతు నింపి పంపుతున్నారు, పాత క్యాసెట్ల లాగే. మధ్యలో నాలాంటి మేడమ్‌తో పనిలేదు. ఆ గొంతును కూడా ఇంకెవరెవరో వింటూ ఉంటారు, అది వేరే వ్యాసం.

ఆమె సంగతి మిగిలింది. గడప నుంచి వెళ్ళిపోయిన ఆమె నాలుగైదు నెలలు రాలేదు. ఒక శుక్రవారం బిడ్డను వెంటబెట్టుకుని వచ్చింది. ఇంగ్లీషు మీడియంలో నాలుగో తరగతి. ఈ నెలల్లో బీడీలు చుట్టుకుంటూనే, చాటలో తునికాకు మీద సుద్దముక్కతో రాయించుకుని, ఆ పిల్ల దగ్గర ఇరవయ్యారు అక్షరాలు నేర్చుకుంది. నన్ను లెమ్మంది. లేచాను. తను కూర్చుంది.

ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, ఒక వేలితో కొట్టింది. రెండు వాక్యాలకి పదకొండు నిమిషాలు పట్టింది, నోటుబుక్కులో అలాగే రాసి ఉంది. తెర మీద చూస్తే ఒక మాటలో అక్షరం తప్పు పడింది, అర్థం మారేలా ఉంది. నా చెయ్యి దానంతటదే కీబోర్డు వైపు వెళ్ళింది.

"చెయ్యి తియ్యి మేడమ్."

తీశాను. పంపింది. అవతల కూడా ఎవరో ఒక్కో అక్షరమే కొడుతున్నట్టున్నారు, జవాబు రావడానికి చాలాసేపు పడుతోంది. నేను బయటికి వచ్చి వరండాలో నిలబడ్డాను. ఆయనేం రాశాడో నాకు తెలియదు.